వంటనూనెయు ఆర్థిక భద్రతయు

దేశరక్షణ అనగానే మన మనస్సునకు సరిహద్దులు, సైనికులు, యుద్ధనౌకలు తోచును. అది సహజమే. కాని నేటి లోకములో రాజ్యముల మధ్య స్పర్ధ యుద్ధభూమికి మాత్రమే పరిమితమై లేదు. ఒక దేశము తన సరకు ఎగుమతిని ఆపివేయును. మరియొక దేశము సుంకమును పెంచును. వేరొకచోట ఓడదారి మూతపడును. ఆ దెబ్బ వేల మైళ్ల దూరమున, ఆ తగవుతో ఏ సంబంధమును లేని సంసారములకు తగులును. ఈ విషయమును గూర్చి రాజధానులలో కూర్చుండి చెప్పినవారు పెక్కుమంది కలరు. మేము నేడు దీనిని నల్లమల అడవి అంచున ఉన్న మా ఆత్మకూరు నుండి, అందులోను వంటింటి నూనెగిన్నె దగ్గర నుండి, పరిశీలింపదలచినాము.

ఆత్మకూరు అను పేరు గల ఊళ్లు మన రాష్ట్రమున ఒకటి కంటె ఎక్కువ ఉన్నవి. నెల్లూరు సీమలో ఒకటి కలదు, అనంతపురము సీమలో ఒకటి కలదు. మేము చెప్పునది కర్నూలు నుండి దోర్నాలకు పోవు బాటమీద, నల్లమల కనుమలకు ముందు వచ్చు ఆత్మకూరు. చిరకాలము కర్నూలు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుండి నంద్యాల జిల్లాలో చేరినది. అడవి చెంత ఎర్రనేలలు, నంద్యాల వైపునకు పోయిన కొలది నల్లరేగడి నేలలు. వెలుగోడు జలాశయము, సిద్దాపురము చెరువు వంటి వనరుల క్రింద తరిపంటలు పండుచున్నను, నీరు అందని చేనునకు వానయే దిక్కు. అట్టి మెట్టచేలకు పూర్వమునుండి నూనెగింజలు ఆసరాగా ఉండెడివి. మా వైపు వారు బుడ్డలని పిలుచు వేరుశనగ, నువ్వులు, ఆముదము, కుసుమ మెట్టరైతునకు రొక్కము తెచ్చు పంటలు. గానుగలో ఆడించిన నూనె వంటకు వచ్చెడిది. మిగిలిన పిండి పశువులకు మేత అయ్యెడిది. ఉగ్గాని బజ్జీలకు పేరుపొందిన ఈ సీమలో నూనె లేని వంటిల్లు ఊహింపరానిది.

అట్టి సీమలో నేడు దుకాణమునకు పోయినచో కనబడునది ఏమి? పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు, పామాయిలు ప్యాకెట్టు. ఆ పొద్దుతిరుగుడు చాలవరకు నల్లసముద్రపు తీరమున పండినది. ఆ పామాయిలు ఇండోనేషియా, మలేషియా తోటలనుండి వచ్చినది. 2022 సంవత్సరము వరకు మనలో అనేకులకు ఈ సంగతి పట్టలేదు. ఆ సంవత్సరము ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్ లో ప్రవేశించెను. అప్పటికి మన దేశము దిగుమతి చేసికొను పొద్దుతిరుగుడు నూనెలో సుమారు పదింట తొమ్మిది వంతులు ఆ రెండు దేశముల నుండియే వచ్చుచుండెను. అందు పెద్దభాగము ఉక్రెయిన్ దే. రేవులు మూతబడినవి. బయలుదేరవలసిన ఓడలు నిలిచిపోయినవి. రెండు నెలలు దాటినంతనే, ఏప్రిల్ 28న, ఇండోనేషియా తన ప్రజలకు నూనె చాలుట లేదని పామాయిలు ఎగుమతిని నిషేధించెను. మే 23న ఆ నిషేధము తొలగినది. కాని ఆ నడిమి కాలములో మన ఊళ్లలో నూనె ధర ఏ రీతిగా ఎగబ్రాకినదో గృహిణులకు మేము చెప్పనక్కరలేదు. ప్యాకెట్టు ధర 200 రూపాయలకు చేరువ కాగా, నెలకు నాలుగు ప్యాకెట్లు కొను ఇల్లు రెండింటితో సరిపెట్టుకొనవలసి వచ్చెను. బజ్జీల బండి నడుపుకొను వారికి అది వంట చిక్కు మాత్రమే కాదు, జీవనపు చిక్కు.

మన దేశమునకు వలయు వంటనూనెలో సగమునకు మించి విదేశములనుండియే వచ్చుచున్నది. 2022–23 నూనె సంవత్సరములో వచ్చిన దిగుమతి 160 లక్షల టన్నులకు పైబడినది. దానికై చెల్లించిన ధనము లక్ష కోట్ల రూపాయలకు మించినది. ఇంధనపు నూనె మన భూమిలో చాలినంత లేదు కనుక కొనుచున్నామని సమాధానము చెప్పవచ్చును. వంటనూనె విషయమున ఆ సమాధానము చెల్లదు. నూనెగింజలు పండించు నేల మనకు కలదు, ఎండ కలదు, తరతరములుగా పండించిన రైతు కలడు. అయినను ఈ స్థితికి ఎట్లు వచ్చితిమి?

దూరదేశపు యుద్ధము మా సీమ రైతు గడపను తాకుట ఇది తొలిసారి కాదు. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగెను. లాంకషైరు మిల్లులకు అమెరికా ప్రత్తి అందలేదు. మిల్లుల యజమానుల దృష్టి భారతదేశపు ప్రత్తిమీద పడెను. బళ్లారి, కర్నూలు, కడప రేగడి నేలల ప్రత్తి ధర ఎన్నడు లేనంత పెరిగెను. ఆ రోజులలోనే, 1863లో, ఒక ఆంగ్ల కంపెనీ సుంకేసుల నుండి కడప వరకు కాలువ త్రవ్వ మొదలిడెను. అదియే నేటి కర్నూలు–కడప కాలువ. యుద్ధము ముగిసినంతనే అమెరికా ప్రత్తి మరల ఇంగ్లండునకు చేరెను, మన ప్రత్తి ధర కూలెను. కాలువ కంపెనీకి ఆదాయము చాలక, 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసి వచ్చెను. ఈ నడుమ 1876–78 నాటి మహాక్షామము వచ్చినప్పుడు కర్నూలు జిల్లా మిక్కిలి నష్టపడిన జిల్లాలలో ఒకటి. 1871కిని 1881కిని మధ్య జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గెను. ఇతరుల కష్టకాలమున మన సరకునకు వచ్చిన గిరాకి మన బలము కాదని ఆ చరిత్ర చెప్పుచున్నది.

రెండవ పాఠము మరి దగ్గరిది. 1956 నుండి మన దేశము పి.ఎల్. 480 అను అమెరికా చట్టము క్రింద గోధుమలు తెచ్చుకొనెను. 1965, 1966 సంవత్సరములలో వరుసగా వానలు తప్పెను. ఆ సమయముననే అమెరికా ప్రభుత్వము దీర్ఘకాలపు ఒప్పందములను విడిచి, కొద్ది కొద్దిగా, తన విదేశాంగనీతికి అనుగుణముగా, గోధుమలను విడుదల చేయ నారంభించెను. ఓడ వచ్చిననే పూట గడచును అను స్థితి ఏర్పడెను. వారమునకొక పూట భోజనము మానుడని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ప్రజలను కోరిన కాలమది. ఆ అవమానమే హరితవిప్లవమునకు ఒక ప్రేరణ. ధాన్యము విషయమున మనము ఆ పాఠమును నేర్చుకొంటిమి. నూనె విషయమున ఒకమారు నేర్చి, మరచిపోయితిమి. ఆ మరపు కథయే మేము నేడు ముఖ్యముగ చెప్పవలసినది.

పొద్దుతిరుగుడు మన పాతపంట కాదు. 1969లో సోవియట్ దేశమునుండి తెచ్చిన విత్తనములతో మన దేశమున నూనెపంటగా మొదలైనది. 1980లో బెంగుళూరు శాస్త్రజ్ఞులు మొదటి సంకర విత్తనమును విడుదల చేసిరి. తొంబది దినములలో కోతకు వచ్చుట, తక్కువ నీటితో పండుట, ఋతువుతో పని లేకుండుట దాని గుణములు. కర్నూలు జిల్లా రేగడి నేలలకు అది చక్కగా ఒదిగినది. 1906లో స్థాపింపబడిన నంద్యాల వ్యవసాయ పరిశోధన క్షేత్రము ఈ నేలలకు తగిన సంకర విత్తనమును రూపొందించినది. 1986లో కేంద్రప్రభుత్వము నూనెగింజల కొరకు ప్రత్యేకముగ ఒక సాంకేతిక ఉద్యమమును ప్రారంభించెను. విత్తనము, గిట్టుబాటు ధర, కొనుగోలు, దిగుమతుల మీద కట్టుబాటు, ఈ నాలుగును ఏకకాలమున జరిగెను. ఫలితము ఆశ్చర్యకరము. 1985–86లో 108 లక్షల టన్నులుగా ఉన్న నూనెగింజల ఉత్పత్తి పది పన్నెండేండ్లలో రెట్టింపునకు మించెను. 1990ల తొలినాళ్లలో దేశమునకు కావలసిన నూనె దాదాపు అంతయు దేశముననే లభించెను. పొద్దుతిరుగుడు ఒక్కటే 25 లక్షల హెక్టార్లలో సాగైనది.

అటుపిమ్మట దిశ మారినది. 1994లో పామాయిలు దిగుమతిని 65 శాతము సుంకముతో బహిరంగ లైసెన్సు క్రింద అనుమతించిరి. 1998 నాటికి ఆ సుంకము 15 శాతమునకు దిగెను. చౌకయైన నూనె ఓడలలో వచ్చి పడెను. పట్టణపు వినియోగదారునకు సంతోషము కలిగెను. దానిని మేము తప్పుపట్టము. చౌకగా నూనె దొరకుట పేద ఇంటికి మేలే. కాని ఆ చౌకధరతో పోటీ పడవలసిన మెట్టరైతునకు మనము ఏ అండయు ఇవ్వలేదు. అదే కాలమున తెగులు కూడ వచ్చెను. 1997లో కర్ణాటకలోని బాగేపల్లి వద్ద పొద్దుతిరుగుడు చేలు ఎండి మాడిపోయెను. అది వైరసు తెగులని తేలెను. 2000 సంవత్సరములో అదే వైరసు అనంతపురము జిల్లాలో లక్షల ఎకరముల వేరుశనగను పాడు చేసెను. గట్లమీద పెరుగు వయ్యారిభామ మొక్క పుప్పొడితో, తామరపురుగుల ద్వారా అది వ్యాపించునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దీనికి తోడు గింజ పాలుపోసికొను వేళ చిలుకల బెడద. అందరు వేసినప్పుడు పక్షులు తిన్నను మిగులును. ఊరిలో ఒక్కడే వేసినచో ఆ చేను ఆశ వదలుకొనవలసినదే. అందుచేత సాగు తగ్గిన కొలది మిగిలినవారు కూడ మానివేసిరి. 2020 నాటికి దేశమందంతట పొద్దుతిరుగుడు 3 లక్షల హెక్టార్లకు లోపే మిగిలెను.

సాగు తగ్గినంతనే దానితో ముడిపడిన సమస్తమును చెదరిపోయినది. గిరాకి లేని విత్తనమును కంపెనీ తయారు చేయదు. గింజలు రాని నూనెమిల్లు మూతపడును. వర్తకుడు ఆ సరకు కొనుట మానును. పక్షులను అదలించు నేర్పు, కోసిన పూలను ఆరబెట్టు నేర్పు క్రొత్త తరమునకు అందదు. 2022లో ధర పెరిగినప్పుడు ఇక్కడి రైతు పొద్దుతిరుగుడు వేయవలెనని తలచినను, మంచి విత్తనము ఎక్కడ, కొనువాడు ఎవడు అను ప్రశ్నలే ఎదురయ్యెడివి. చౌకకాలమున పోగొట్టుకొన్న శక్తి కరవుకాలమున ఒక్క ఋతువులో తిరిగి రాదు. మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే. భద్రత యనగా గిడ్డంగిలో నిలువ ఉన్న సరకు మాత్రమే కాదు. అవసరమైనప్పుడు పండించగల నేర్పు, విత్తనము, యంత్రము, అంగడి మన చేతిలో ఉండుట.

అయితే దిగుమతులకు తలుపులు మూసివేసినచో సరిపోవునా? సరిపోదు. ఉక్రెయిన్ లో హెక్టారునకు 20 క్వింటాళ్లకు పైగా పొద్దుతిరుగుడు పండుచుండగా, మన దిగుబడి సగటున 8 నుండి 10 క్వింటాళ్లే. ఈ వ్యత్యాసమును సుంకముతో ఎల్లకాలము కప్పిపుచ్చజాలము. కప్పినచో ఆ భారము మోయునది నూనె కొను పేద ఇల్లే. పోటీకి నిలువగల శక్తి లేని భద్రత ఖజానాకును ప్రజలకును బరువగును.

పోటీశక్తి మన రైతునకు అసాధ్యమా? కాదనుటకు సాక్ష్యము మా రేగడి నేలలలోనే ఉన్నది. పొద్దుతిరుగుడు విడిచిన చేలలో ఎన్నో నేడు శనగచేలు. 1999లో విడుదలైన జె.జి. 11 వంటి శనగ వంగడములను ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు, వ్యవసాయ విశ్వవిద్యాలయములు కలిసి రైతులకు అందించిరి. అవి త్వరగా కోతకు వచ్చును, ఎండుతెగులును తట్టుకొనును, మంచుతోను నేలలోని తేమతోను పండును. కర్నూలు, ప్రకాశము జిల్లాల రైతులు వానిని చేపట్టి, దున్నుట మొదలు నూర్పిడి వరకు యంత్రములను వాడిరి; ధర లేనప్పుడు శీతల గిడ్డంగులలో నిలువ చేసిరి. దాదాపు ఒక దశాబ్దములో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో శనగ విస్తీర్ణము మూడు రెట్లు దాటెను. హెక్టారు దిగుబడి రెట్టింపు అయ్యెను. అదే నేల, అదే రైతు. తగిన విత్తనము, ఆసరా, అంగడి దొరకినవి, అంతే.

కాని శనగరైతునకు సైతము ఒక చిక్కు వచ్చినది. అది నూనెగింజల రైతు చిక్కే. 2018లో శనగ దిగుమతిమీద సుంకము 60 శాతము. 2024 మే నెలలో ధరలు పెరుగుచున్నవని దానిని పూర్తిగా ఎత్తివేసిరి. 2025 ఏప్రిల్ 1 నుండి 10 శాతము విధించిరి. నూనె సంగతి చూడుడు. 2022 మే నెలలో పొద్దుతిరుగుడు, సోయా ముడినూనెలను ఏటికి 20 లక్షల టన్నుల చొప్పున సుంకము లేకుండ రానిచ్చిరి. 2024 సెప్టెంబరులో రైతును ఆదుకొనుటకై ముడినూనెమీద మూలసుంకమును 20 శాతము చేసిరి. 2025 మే నెలాఖరున, అనగా ఖరీఫు విత్తులకు ముందు, దానిని 10 శాతమునకు తగ్గించిరి. ప్రతి నిర్ణయమునకును ఆనాటి కారణము కలదు. ధర మండినప్పుడు ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండజాలదు. కాని విత్తు వేయు రైతు తాను నాలుగు నెలల తరువాత అమ్మబోవు ధరను ఎట్లు ఊహించును? పొద్దుతిరుగుడునకు 2025–26లో ప్రకటించిన మద్దతు ధర క్వింటాలునకు 7,721 రూపాయలు. ప్రకటన మంచిదే. కొనువారు సకాలమున రానిచో ఆ అంకె కాగితముమీదనే ఉండును.

ఇక్కడ మన శ్రోతలలో ఇరువురు ఎదురెదురుగా నిలుతురు. నూనె చౌకగా ఉండవలెనని గృహిణి కోరిక. గింజకు ధర రావలెనని రైతు కోరిక. ఇరువురి కోరికయు న్యాయమైనదే. తరచుగా ఆ ఇరువురు ఒకే ఇంట ఉందురు. ఈ తగవునకు ఏనాటికానాడు తీర్పు చెప్పుట వలన ఇరువురును నష్టపోవుదురు. దానికి బదులు విత్తుటకు ముందే తెలిసియుండు ఒక నియమము కావలెను: విదేశపు ధర ఇంతకు దిగినచో సుంకము ఇంత పెరుగును, ఇంతకు ఎగసినచో ఇంత తగ్గును. అప్పుడు రైతునకు భరోసా కలుగును, గృహిణికి రక్షణ ఉండును.

సంపూర్ణ స్వయంసమృద్ధి అను మాటను కూడ మనము జాగ్రత్తగా వాడవలెను. ఇక్కడ పండిన గింజలో సైతము విదేశము కలదు. పొటాషు ఎరువును మనము దాదాపు అంతయు దిగుమతి చేసికొనుచున్నాము. 2021 నుండి చైనా భాస్వరపు ఎరువుల ఎగుమతిమీద ఆంక్షలు పెట్టగా మన అంగళ్లలో డి.ఎ.పి. కొరత తలయెత్తెను. 2023 చివరనుండి ఎఱ్ఱసముద్రములో నౌకలపై దాడులు జరుగగా, ఓడలు ఆఫ్రికా చుట్టు తిరిగి రావలసి వచ్చెను, కిరాయి పెరిగెను. కనుక అన్నియు మనమే చేసికొందుమనుట అయ్యెడి పని కాదు. కాని ఒక్క సముద్రమునే, ఒక్క ప్రాంతమునే నమ్ముకొనరాదు. ఉక్రెయిన్ దారి చెడినప్పుడు రష్యా, అర్జెంటీనాల నుండి నూనె తెచ్చుకొంటిమి; నాలుగు దారులు ఉండుట వలన కలుగు మేలు అది. ఆయిల్ పామ్ తోటలు హెక్టారునకు అత్యధికముగ నూనె ఇచ్చును. వానిని పెంచుటకు 2021లో కేంద్రము 11,040 కోట్ల రూపాయల పథకము చేపట్టినది. గోదావరి జిల్లాలకు అది తగును. నీటికి కటకటలాడు మా మెట్టకు తగునది తక్కువ నీటితో పండు వేరుశనగ, కుసుమ, నువ్వు, పొద్దుతిరుగుడు. 2024 అక్టోబరులో 10,103 కోట్ల రూపాయలతో ఆమోదింపబడిన నూనెగింజల ఉద్యమము ఉత్పత్తిని 2030–31 నాటికి 697 లక్షల టన్నులకు పెంచదలచినది. ఆ లక్ష్యము నెరవేరవలెనన్నచో అందులో మెట్ట రాయలసీమకు తగిన వాటా ఉండవలెను.

మనవంతు పనియు కొంత కలదు. 1950లలో మన దేశీయుడు ఏడాదికి సగటున 3 కిలోల నూనె వాడెడివాడు. అది లేమి, దానిని మరల కోరము. కాని 2024 నాటి నీతి ఆయోగ్ నివేదిక ప్రకారము నేటి వాడకము 19 కిలోలు దాటినది. వైద్యులు చాలునని చెప్పునది 12 కిలోల చేరువ. ఇంటికి నెలకొక ప్యాకెట్టు తగ్గినచో ఆరోగ్యమునకును మేలు, దిగుమతికిని తగ్గుదల. దొరకినచోట ఊరి గానుగ నూనె కొన్నచో ఆ రూపాయి మన సీమలోనే తిరుగును.

ప్రభుత్వమునుండి మేము కోరునవి మూడు. నంద్యాల వంటి పరిశోధన క్షేత్రములకు తెగులును తట్టుకొను విత్తనము కొరకు విరామము లేని ధనసహాయము. ఆత్మకూరు వంటి అడవి అంచు మండలములలో ఊళ్లన్నియు కలసి ఒకేమారు నూనెగింజలు విత్తుటకు ప్రోత్సాహము, ఆ గింజలను అక్కడనే ఆడించు చిన్నమిల్లులకు అప్పు. తొలకరికి ముందు ప్రకటింపబడి, పంట అమ్ముడగు వరకు మారని సుంకపు నియమము. ఈ మూడింటిలో ఏదియు మన శక్తికి మించినది కాదు. 1986 తరువాత ఒక దశాబ్దము పాటు మనము చేసి చూపినదే.

నల్లసముద్రమున మరల ఓడలు నిలిచిపోవు దినము ఎప్పుడు వచ్చునో మన చేతిలో లేదు. అది వచ్చునాటికి మా మెట్టచేలలో గింజ, ఊరిలో గానుగ, రైతు చేతిలో నేర్పు మిగిలియుండుట మాత్రము మన చేతిలో ఉన్నది. రాబోవు తొలకరియే అందుకు తగిన సమయము.